కృష్ణాపురం నుండి పారిసుకు

ఉగాదినాటి సాయంకాలం పెన్న ఒడ్డున ఉన్న రొద్దంలో గాని, పెనుకొండలో గాని, ఆ మాటకు వస్తే తెలుగునాట ఏ పల్లెలో గాని, పంచాంగశ్రవణం జరిగేటప్పుడు జనం చెవి ఒగ్గి వినేది వానను గురించి, ధాన్యం ధరను గురించి, తమ తమ రాశుల ఆదాయవ్యయాలను గురించి. వాన పంచాంగం చెప్పినట్లు కురవదని అందరికీ తెలుసు, అయినా వింటారు. చిట్టచివర పురోహితుడు ఆ ఏట పట్టే గ్రహణాలను, వాటి స్పర్శమోక్షకాలాలను చదువుతాడు. అవి మాత్రం తప్పవు. చదివిన దినాననే చంద్రుడు మసకబారుతాడు. తప్పిపోయే మాటకు చెవి ఒగ్గి, తప్పని మాటను తేలికగా వదిలివేయడం మనకు అలవాటైపోయినది.

ఈ తప్పని లెక్క ఒకప్పుడు మన సీమ నుండి సముద్రాలు దాటి పారిసు చేరినది. అక్కడి గణితజ్ఞులు దానిని ముందువేసుకొని సంవత్సరాల తరబడి తర్కించుకొన్నారు. ఆ కథ మన పాఠ్యపుస్తకాలలో కానరాదు. కథ తెలియడానికి ముందు, ఆనాటి యూరపులో పండితులు ఒకరితో ఒకరు ఎట్లు మాట్లాడుకొన్నారో కొంచెం తెలియాలి.

పదిహేడవ శతాబ్దంలో యూరపు రాజ్యాలు నిత్యం యుద్ధాలలో ఉండేవి. కాథలిక్కు దేశాలకు, ప్రొటెస్టంటు దేశాలకు పొత్తు లేదు. అయినా విద్వాంసులు లాటిను భాషలో ఉత్తరాలు వ్రాసుకొంటూ, సరిహద్దులు లేని మరొక రాజ్యం తమదన్నట్లు నడుచుకొన్నారు. దానికి వారే 'అక్షర గణరాజ్యం' అని పేరు పెట్టుకొన్నారు. గెలీలియో వ్రాసిన చివరి గొప్ప గ్రంథానికి ఇటలీలో అచ్చుయోగం లేకపోగా, 1638లో హాలెండులోని లైడెను నగరంలో అచ్చయినది. పారిసులో మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి తన మఠంలోని గది నుండే సగం యూరపుతో ఉత్తరాలు నడిపేవాడు. ఇటలీలో టోరిచెల్లి 1644లో పాదరసపు గొట్టంతో చేసిన ప్రయోగం ఫ్రాన్సుకు ప్రాకినది ఆయన మూలంగానే. నాలుగేండ్లకు పాస్కల్ కోరగా ఆయన బావగారు ఆ గొట్టాన్ని ఒక కొండశిఖరానికి తీసుకొనిపోయి, ఎత్తుకు పోయినకొద్దీ పాదరసం దిగుతున్నదని చూపినాడు. వాయువుకు బరువున్నదని లోకం నమ్మినది అప్పుడు. పాపం, మెర్సెన్ ఆ ప్రయోగానికి పద్దెనిమిది దినాల ముందు కన్నుమూసినాడు.

లండనులో ఈ పని నెత్తిన వేసుకొన్నవాడు రాయల్ సొసైటీ కార్యదర్శి ఓల్డెన్‌బర్గ్. హాలెండులో కటకాలు సానపట్టుకొని బ్రతికే స్పినోజాకు ఇంగ్లండులోని బాయిల్ ప్రయోగాలను అందించినవాడు ఆయనే. విదేశపు ఉత్తరాలమీద అధికారుల కన్ను పడకుండా తన పేరులోని అక్షరాలను తారుమారు చేసి 'గ్రూబెండోల్' అనే దొంగపేరుకు వాటిని రప్పించుకొనేవాడు. అయినప్పటికీ 1667లో, డచ్చివారితో యుద్ధం జరుగుతుండగా, అనుమానంమీద ఆయనను లండను కోటలో ఖైదు చేసినారు. బయటికి వచ్చిన తరువాత మళ్ళీ ఉత్తరాలే! పట్టుపురుగును గురించి పరిశోధించి వ్రాయుమని ఇటలీలోని మాల్పీగీని అడిగి, ఆయన పంపిన గ్రంథాన్ని రాయల్ సొసైటీ చేత 1669లో లండనులో అచ్చు వేయించినాడు. పట్టుపురుగు శరీరంలోపల ఏమున్నదో సూక్ష్మదర్శినితో చూసి చెప్పిన తొలి గ్రంథం అది. హిందూపురంలో పట్టుగూళ్ళు అమ్ముకొనే రైతు బిడ్డలు, ధర్మవరంలో పట్టు నేసే ఇండ్ల పిల్లలు ఈ సంగతి తెలుసుకొంటే సంతోషిస్తారు.

ఈ ఉత్తరాల అల్లిక యూరపుతో ఆగలేదు. పెకింగు నుండి బూవే అనే జెసూట్ ఫాదరీ 1701లో లైబ్నిట్సుకు చీనావారి అరువదినాలుగు రేఖాచిత్రాలను పంపినాడు. సున్న, ఒకటి అనే రెండే అంకెలతో లైబ్నిట్సు అల్లుకొన్న గణితం వాటిలో ప్రతిబింబించినట్లు ఆయనకు తోచినది. నేటి గణనయంత్రాలు నడిచేది ఆ రెండంకెల గణితంతోనే గదా! అట్టి దారపు కొస ఒకటి మన సీమకు వచ్చి చేరినది.

పద్దెనిమిదవ శతాబ్దపు ఆరంభంలో ఫ్రెంచి జెసూట్లు పుదుచ్చేరి నుండి లోనాడుకు బయలుదేరి 'కర్ణాటక మిషను' అనేదానిని స్థాపించినారు. పేరు కర్ణాటకమే గాని, అది పనిచేసినది ఎక్కువగా తెలుగు నేలమీద. హిందూపురానికి దక్షిణాన ఉన్న చిన్నబళ్ళాపురం నుండి వారు వ్రాసిన ఉత్తరాలున్నవి. వాటిలో ధర్మవరం పేరు కూడా వినబడుతుంది. వారు కాషాయం కట్టి, మాంసం మాని, తెలుగు, సంస్కృతం నేర్చి తిరిగినారు. వచ్చినది మతప్రచారానికే; అందులో దాపరికం లేదు. అయితే వారు పంపిన ఉత్తరాలలో మతంతోపాటు మరెన్నో విషయాలు పారిసుకు ప్రవహించినవి.

ఫాదరీ కూర్దూ 1742లో వ్రాసిన లేఖను చూడండి. అద్దకపు బట్ట తయారయ్యే విధానమంతా అందులో ఉన్నది: బట్టను కరక్కాయ కషాయంలో, గేదెపాలలో నానవేయడం, పటికతో గీయడం, చిరివేరుతో ఎరుపు ఎక్కించడం. అద్దకంవారు తరతరాలుగా ఇంటిగుట్టుగా దాచుకొన్న విద్య అది. ఆ లేఖ అచ్చయి యూరపు అద్దకపువారి చేతులలో పడినది. దీనిని విజ్ఞానవినిమయం అనాలో, కొల్లగొట్టడం అనాలో పాఠకులే తేల్చుకోవాలి. నాకు మాత్రం రెండూ అనిపిస్తుంది.

అదే కూర్దూ 1767లో పారిసులోని విద్వత్సభకు మరొక ప్రశ్న పంపినాడు. సంస్కృతంలో 'దానం' అంటే లాటినులో 'దోనుం' ఏల? 'విధవ'ను వారు 'విదువా' అనడమేల? రెండు భాషలకు మూలం ఒకటి కావాలని ఆయన ఊహ. కలకత్తాలో విలియం జోన్సు 1786లో ఈ మాటనే చెప్పి జగత్ప్రసిద్ధుడైనాడు. కూర్దూ లేఖ అచ్చు కావడానికి మాత్రం 1808 దాకా పట్టినది. ఉత్తరం చేరడం వేరు, అది చదువబడడం వేరు.

దీనికి మరింత విచిత్రమైన నిదర్శనం ఉన్నది. ఫ్రెంచిరాజు గ్రంథాలయానికి భారతీయ గ్రంథాలు కావలెనని కబురు రాగా, తెలుగు ప్రాంతంలో పనిచేస్తున్న ఫాదరీ కాల్మెట్ 1730ల నాటికి నానాప్రయాసపడి వేదాల ప్రతులను సంపాదించి పంపినాడు. అసలు వేదాలు పారిసు చేరినవి. చదువగలవాడు అక్కడ ఒక్కడూ లేడు. ముప్పది సంవత్సరాల పిమ్మట, ఎవరో ఫాదరీలు ఫ్రెంచిలో అల్లిన 'ఎజూర్ వేదం' అనే కృత్రిమగ్రంథం వొల్టేరుకు అందినది. అంతటి విమర్శకుడు దానిని పరమప్రాచీనమని నమ్మి, స్వయంగా అదే గ్రంథాలయానికి సమర్పించినాడు! అసలూ నకిలీ ఒకే కప్పుక్రింద ఉండగా, లోకం నకిలీని పట్టుకొన్నది.

ఇక మన లెక్కల కథ. 1750 ప్రాంతంలో కర్ణాటక మిషనుకు చెందిన ఫాదరీ దుషాం కృష్ణాపురంలోని బ్రాహ్మణ గణకుల వద్ద సూర్యచంద్రుల, గ్రహాల స్థానాలు కట్టే పట్టికలను, వాటిని వాడే విధానాన్ని తెలుసుకొని ఫ్రాన్సుకు పంపినాడు. యూరపులో వీటికి 'కృష్ణాపురం పట్టికలు' అనే పేరు స్థిరపడినది.

మన జ్యోతిషంలో వీటిని కరణగ్రంథపు తరగతికి చెందినవి అనవచ్చు. సిద్ధాంతగ్రంథం సృష్ట్యాది నుండి గాని, కల్యాది నుండి గాని దినాలను లెక్కించమంటుంది. ఆ అంకెలు కొండలంత. కరణకర్త ఉపాయశాలి. తనకు దగ్గరి కాలంలో ఒక దినాన్ని ఎన్నుకొని, ఆనాడు గ్రహాలన్నీ ఎక్కడెక్కడ ఉన్నవో ఒకసారి కట్టి పెట్టుకొంటాడు. అవి క్షేపకాలు. అక్కడ నుండి కావలసిన దినానికి ఎన్ని దినాలు గడిచినవో లెక్కిస్తే అది అహర్గణం. అహర్గణాన్ని దినగతితో గుణించి క్షేపకానికి కలిపితే మధ్యమగ్రహం వచ్చును. ఆపైన మందఫలం, శీఘ్రఫలం అనే సవరణలు చేస్తే ఆకాశంలో కంటికి కనబడే స్థానం. ఎనిమిదవ తరగతి విద్యార్థికి వచ్చిన కూడిక, గుణకారం, భాగహారం తప్ప ఇందులో చేతిపనికి వేరే గణితం అక్కరలేదు. కావలసిన త్రికోణమితి అంతా ముందే పట్టికలలో ఇమిడి ఉన్నది.

కృష్ణాపురం పట్టికలు ఎన్నుకొన్న దినం 1491 మార్చి 10. ఆనాడు ఏమి విశేషం? వెనుకకు లెక్కకట్టి చూస్తే అది అమావాస్య, విరోధికృత్ ఉగాది ముంగిట నిలిచిన అమావాస్య. శాలివాహనశకం 1413 మొదలు కాబోతున్న ఘడియ. సాళువ నరసింహరాయలు మరణించినది ఆ సంవత్సరంలోనే. పిమ్మట ఆయన కుమారుని నరసనాయకుడు పెనుకొండలో ఉంచి తానే రాజ్యం చేసినాడని చరిత్ర చెబుతున్నది. కోటలో రాచకుట్రలు సాగుతున్నవి. ఆ యేటి అమావాస్యనే ఎవరో గణకుడు తన లెక్కకు మొదలుగా పెట్టుకొన్నాడు. కోట శిథిలమైనది. లెక్క మాత్రం 259 సంవత్సరాలు, అనగా దాదాపు 94,600 దినాలు నడిచి ఫాదరీ చేతికి అందినది.

ఈ కాగితాలు చేరినది డెలీల్ అనే జ్యోతిర్వేత్త వద్దకు. ఆయన రష్యాలోని సెంట్ పీటర్సుబర్గులో ఇరువది ఏండ్లకు పైగా పనిచేసి 1747లో పారిసుకు తిరిగి వచ్చినవాడు. పెకింగులోని ఫాదరీ గోబిల్ మొదలుకొని చంద్రనగరులోని ఫాదరీ బూదియే వరకు ఎందరితోనో ఆయనకు ఉత్తరాలు నడిచేవి. ఆకాశాన్ని చూచే ప్రతివానిని తన కన్నుగా చేసుకొన్న మనిషి. కాని వయస్సు మీరినది, కాగితాలు గుట్టలుగా పడినవి. 1768లో ఆయన చనిపోయినప్పుడు కృష్ణాపురం పట్టికలు అచ్చుముఖం చూడనేలేదు. నౌకాశాఖవారి భాండారంలో ఉన్న ఆ కాగితాలను వెలికి తీసి ప్రకాశింపజేసినవాడు బాయీ. ఆయన 1787లో భారతీయ జ్యోతిషంమీద ఒక పెద్ద గ్రంథమే వ్రాసినాడు.

ఆ కాగితాలలో మరొక కట్ట కనబడినది. ఫాదరీ పతూయే ద్వారా వచ్చినది. ఏ ఊరిదో దానిమీద లేదు. బాయీ ఏమి చేసినాడు? పగటి నిడివిని కట్టడానికి అందులో ఇచ్చిన సూత్రాన్ని పరిశీలించినాడు. పగటి నిడివి ఋతువుతో ఎంత పెరిగి తరుగుతుందన్నది ఊరి అక్షాంశంమీద ఆధారపడుతుంది. సూత్రం నుండి వెనుకకు లెక్కిస్తే పదహారు డిగ్రీల పైచిలుకు ఉత్తర అక్షాంశం తేలినది. మచిలీపట్నానికి, గోదావరి తీరపు నరసాపురానికి మధ్యనో, ఆ చుట్టుపట్లనో అన్నమాట. ఆయన నరసాపురమని నిశ్చయించి, 'నరసాపురం పట్టికలు' అని పేరు పెట్టినాడు. గోదావరిని ఎన్నడూ చూడనివాడు, పారిసులో కూర్చొని, వట్టి అంకెలను బట్టి ఆ ఒడ్డును గుర్తించినాడు. భూగోళం చెప్పే ఉపాధ్యాయులు తరగతిలో ఈ ముచ్చట చెప్పవచ్చును. అక్షాంశమంటే ఏమిటో పిల్లలు మరి మరువరు.

నరసాపురం పట్టికల మొదలు 1569 మార్చి 17. లెక్కవేస్తే అదికూడా అమావాస్యే, శుక్ల ఉగాది ముంగిటిది. రక్కసి తంగడి యుద్ధం జరిగి నాలుగేండ్లు. విజయనగరం పాడుపడి, తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసుకొన్న కాలం. రాజ్యం ఎవరిదైనా, రాజధాని ఎక్కడికి కదలినా, ఉగాది ముందటి అమావాస్య నుండి లెక్క మొదలుపెట్టే అలవాటు మారలేదు.

బాయీ చేతిలో మరి రెండు పట్టికలుండెను. ఒకటి 1687లో సయాం వెళ్ళిన ఫ్రెంచి రాయబారి ల లుబేర్ తెచ్చినది. దాని మర్మాన్ని కసీని ఛేదించినాడు. రెండవది తమిళనాటి నుండి ల జంతీ తెచ్చినది. ఈ ల జంతీ దురదృష్టం ప్రసిద్ధమే. శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం చూడాలని పుదుచ్చేరికి బయలుదేరితే, 1761లో ఆ ఊరు ఆంగ్లేయుల వశమై ఉండెను. ఊగే ఓడమీది నుండి చూచిన చూపు లెక్కకు పనికిరాలేదు. ఎనిమిదేండ్లు కాచుకొని 1769లో పుదుచ్చేరిలోనే దుర్భిణి ఎక్కుపెట్టి కూర్చొంటే, సరిగ్గా ఆ ఘడియలో మబ్బు కమ్మినది. ఇంటికి పోయేసరికి, చనిపోయినాడనుకొని వారసులు ఆస్తి పంచుకొంటున్నారు! కాని ఆయన వట్టి చేతులతో పోలేదు. ఒక తమిళ గణకుడు ముప్పావుగంటలో చంద్రగ్రహణాన్ని కట్టడం చూసి, ఆ విద్యను పట్టుబట్టి నేర్చుకొన్నాడు. 1765 ఆగస్టు 30 నాటి గ్రహణపు నిడివి ఆ దేశీయ లెక్కలో 41 సెకన్లు తక్కువ వచ్చినది; యూరపులో అప్పటికి శ్రేష్ఠమని పేరుపొందిన మేయర్ పట్టికలలో 68 సెకన్లు ఎక్కువ వచ్చినది. ఈ ఒక్క గ్రహణాన్ని పట్టుకొని మనవారిదే పైచేయి అని చాటుకోవడం న్యాయం కాదు. పదింట మేయరే నెగ్గును. కాని గవ్వలు పేర్చి, నోటికి వచ్చిన వాక్యాలతో కట్టిన లెక్క ఆ మాత్రం దగ్గరకు రావడం సామాన్యమా?

బాయీ గ్రంథం పండితలోకంలో పెద్ద కలకలం లేపినది. భారతీయులు క్రీస్తుపూర్వం 3102 ఫిబ్రవరి 18న, కలియుగారంభాన, స్వయంగా గ్రహాలను చూసి వ్రాసుకొన్నారని, పట్టికల మూలం అదేనని ఆయన వాదించినాడు. ఎడింబరోలో ప్లేఫెయిర్ 1789లో అక్కడి రాయల్ సొసైటీలో చదివిన వ్యాసంలో ఈ వాదాన్ని బలపరిచినాడు. లాప్లాసు అంతటివాడు కూడా మొదట ఆశ్చర్యపడినాడు. శని గతి యుగయుగాలలో ఎట్లు మారుతుందో తన క్రొత్త సిద్ధాంతంతో లెక్కించి చూస్తే, కల్యాదికి దాని వార్షికగతి 12 డిగ్రీల 13 నిమిషాల 14 వికలలు వచ్చినది. భారతీయ పట్టికలలో 13 వికలలు ఉన్నది. ఒక్క వికలయే తేడా!

కాని లాప్లాసు ఆ ఆశ్చర్యంతో ఆగలేదు. 1796లో వెలువడిన తన గ్రంథంలో బాయీ వాదాన్ని త్రోసిపుచ్చినాడు. కల్యాదిని గ్రహాలన్నీ ఒక్కచోట కూడినవని పట్టికలు అంటున్నవి. నిజంగా ఆనాడు అట్లు కూడలేదు. గణకులు తమ కాలపు గతులను పట్టుకొని వెనుకకు లెక్కించుకొని నిలిపిన సంకేతం అది. చూసి వ్రాసుకొన్నది కాదు. శని విషయంలో కుదిరిన పొంతన కేవలం కాకతాళీయం. ఈలోగా శామ్యూల్ డేవిస్ సూర్యసిద్ధాంతాన్నే పండితుల సాయంతో చదివి, లెక్క ఎట్లు సాగుతుందో కలకత్తా సొసైటీ సంపుటంలో 1790లో ప్రకటించినాడు. ఫాదరీలు పంపిన పట్టిక వెనుక సిద్ధాంతగ్రంథం ఉన్నదని, దానిని చదవకుండా పట్టికను అర్థం చేసుకోలేమని అప్పుడు తేలినది. బాయీకి ఇవేవీ చూసే భాగ్యం దక్కలేదు. విప్లవంలో పారిసు నగరానికి మొదటి మేయరైన ఆయనను ఆ విప్లవమే 1793 నవంబరులో గిలటిన్ పాలు చేసినది.

బాయీ పొరబాటును నేటికీ కొందరు మనకు గొప్ప అని వల్లిస్తారు. అది పొరబాటే. అయిదువేల ఏండ్లు లేకపోతే ఏమి? 1491లో పెట్టిన క్షేపకం 1750లోనూ పనిచేయడమే చాలినంత గొప్ప.

నన్ను వేధించేది మరొకటి. పాస్కల్‌కు టోరిచెల్లి పేరు తెలుసు. మాల్పీగీ గ్రంథాన్ని లండను అచ్చువేసినప్పుడు అతని పేరుతోనే వేసినది. సందేహాలు వ్రాసి పంపినది, సమాధానాలు అందుకొన్నది. కృష్ణాపురంలో దుషాంకు పాఠం చెప్పిన గణకుని పేరు ఏ గ్రంథంలోనూ లేదు. బాయీ, ప్లేఫెయిర్, లాప్లాసు తర్కించుకొన్న మాటలలో ఒక్కటీ ఆయన ఇంటి గడప దాకా రాలేదు. కెప్లరు నియమాలు గాని, న్యూటను గురుత్వాకర్షణ గాని చెప్పి, 'అయ్యా, మీ మందఫలానికి కారణం ఇదీ' అని ఆయనతో ఎవరైనా అని ఉంటే? అట్టి ఉత్తరం మన సీమకు రాలేదు. పోయిన త్రోవ ఉన్నది, వచ్చిన త్రోవ లేదు. 1764లో ఫ్రాన్సులో జెసూట్ సంఘాన్ని నిషేధించినారు. పోయే త్రోవ కూడా మూతబడినది.

రొద్దం ఊరి పేరును ఇంటిపేరుగా ధరించిన శాస్త్రజ్ఞుడు రొద్దం నరసింహ (1933–2020) ఈ గణకుల పద్ధతిని గురించి తీరికగా ఆలోచించినవారిలో ఒకరు. వాయుగతిశాస్త్రంలో ప్రపంచఖ్యాతి గడించిన ఆయన 2003లో ఒక వ్యాసం వ్రాస్తూ, గ్రీకులు స్వయంసిద్ధ సూత్రాల నుండి బయలుదేరితే, భారతీయ జ్యోతిష్కులు లెక్కకు, కంటికి కనబడేదానికి పొంతన కుదరడమే ప్రమాణంగా పెట్టుకొన్నారని వాదించినారు. మనవారు 'దృగ్గణితైక్యం' అనేది దీనినే. పొంతన కుదరకపోతే సూత్రాన్ని సవరించుకోవడానికి వారికి సంకోచం లేదు. సిద్ధాంతం పవిత్రమైనా, గ్రహణం తప్పితే గణకునికి సభలో తలవంపులే గదా.

కృష్ణాపురపు గణకుడు దుషాంకు తన పట్టికలు చూపినప్పుడు ఫాదరీ బహుశా పలకో, ఆకో ముందుంచుకొని అడిగి ఉంటాడు, ఈ అంకె ఎక్కడిదని. ఆయన చెప్పగలిగినది ఒకటే: మా గురువు చెప్పినాడు, ఆయనకు ఆయన గురువు చెప్పినాడు, కావలెనంటే రాబోయే పున్నమికి గ్రహణమున్నది, మేడమీద కూర్చొని ఘడియలు లెక్కపెట్టి చూసుకో.